పగలు కనిపించిన పురుగు చెల్లదు

మా ఆయనకు సమయం సందర్భం తెలియవు. పెళ్ళిపీటల మీద మంగళసూత్రం చేతికి తీసుకోగానే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. మా అబ్బాయి నామకరణం నాడు పంటినొప్పి. గృహప్రవేశం నాడు కళ్ళకలక. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పాలు పొంగించిన గృహస్థు మా వీధి మొత్తానికి ఆయనొక్కడే. ఇన్నేళ్ళూ నేను నోరెత్తలేదు. కానీ జిల్లాలో ఫైలేరియా లేదని ప్రకటించే సభ వచ్చే నెల ఉందనగా, ఆ సభలో శాలువా కప్పించుకోవలసిన మనిషి చంకలో గడ్డ తెచ్చుకోవడం మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు.

ఆయన పేరు త్రివిక్రమరావు. జిల్లా ఫైలేరియా నిర్మూలనాధికారి. మా గోదావరి డెల్టాలో ఫైలేరియా గురించి చిన్నపిల్లలకు కూడా చెప్పక్కర్లేదు. దోమ కుడుతుంది, ఒంట్లోకి పురుగు చేరుతుంది, అద్దె కట్టకుండా ఏళ్ళ తరబడి కాపురం ఉంటుంది, చివరికి కాలు స్తంభంలా వాస్తుంది. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో షికారుకు బయలుదేరతాయి. అందుకని మా ఆయన సిబ్బంది రాత్రిళ్ళు కాలవగట్టు పేటలన్నీ తిరిగి, నిద్రపోయే జనాన్ని లేపి, వేలు గుచ్చి రక్తపుచుక్క పట్టుకెళ్ళేవాళ్ళు. ఏళ్ళు గడిచాయి. మాత్రలు పంచారు. చుక్కల్లో పురుగులు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, కిందటేడు ఒక్క చుక్కలోనూ కనిపించలేదు. ఊరి మొదట్లో స్వాగతద్వారం లేచింది. "ఫైలేరియా రహిత జిల్లాకు స్వాగతం" అని దాని మీద రాశారు. దాని పక్కనున్న మురుగుకాలవలోంచి దోమలు కూడా తమవంతు స్వాగతం చెబుతున్నాయి.

గడ్డను కనిపెట్టింది దర్జీ. శాలువా కిందికి కొత్త లాల్చీ కుట్టించాలని కొలతలకు పిలిస్తే, టేపు చంక కిందికి పోనిచ్చి ఆగిపోయాడు.

"ఆయ్, అయ్యగారూ, ఇక్కడేదో నిమ్మకాయంత తగుల్తోందండి. ఈ పక్క కాస్త వదులు పెట్టమంటారా?"

మర్నాడు ఆయన్ని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాను. అక్కడ గడ్డల్లోంచి తీసిన రసాన్ని పరీక్ష చేసే డాక్టరు కరుణకుమారి అని ఒకావిడ ఉంది. చిన్న వయసు. మాట నెమ్మది. ఆవిడ గడ్డను తడిమి చూసి, "సన్నసూదితో రెండు చుక్కల రసం లాగి చూద్దాం సార్. కోత అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. చీమ కుట్టినట్టుంటుంది" అంది.

ఉద్యోగమంతా జనం వేళ్ళు గుచ్చించిన మనిషి ఆ సూదిని చూడగానే నా చెయ్యి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆవిడ గడ్డలో సూది గుచ్చి, అటూ ఇటూ కదిపి, సిరంజిలోకి రసం లాగింది. గాజుపలక మీద చుక్క వేసి, ఇంకో పలకతో దోసె తిప్పినట్టు పల్చగా పరిచింది. రంగులు వేసి ఆరబెట్టి, మమ్మల్ని లోపలికి పిలిచేసరికి పదకొండు కావస్తోంది.

"మీరూ చూడండమ్మా" అని సూక్ష్మదర్శిని నా వైపు జరిపింది.

"ఎవరో నల్లపూసల దండ జారవిడుచుకున్నట్టుందండీ. దాని చుట్టూ సన్నటి గాజు గొట్టం లాంటిదేదో..."

"అదేనండి ఫైలేరియా పురుగు పిల్ల. ఆ గొట్టం దాని తొడుగు. పూసలు తోక చివరిదాకా లేవు చూశారా? అదే దాని ఆనవాలు." తర్వాత మా ఆయన వైపు తిరిగి నవ్వింది. "పలకంతా వెతికాను సార్. క్యాన్సర్ కణం ఒక్కటి కూడా లేదు. మాత్రలతో పోయేదే."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రి గుమ్మం దగ్గరున్న వినాయకుడికి అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకున్నాను. మా ఆయన మొహం మాత్రం కొంప అంటుకున్నవాడిలా ఉంది.

"క్యాన్సర్ కాదా?" అన్నాడు నీరసంగా.

"కాదు సార్."

"ఇంకోసారి చూడండి. ఉంటుంది."

ఇంటికొస్తూ ఆటోలో అడిగాను, "ఏవండీ, మతి గానీ పోయిందా మీకు? క్యాన్సర్ కావాలని ఎవరైనా కోరుకుంటారా?"

"నీకు తెలీదే సుభాషిణీ. క్యాన్సర్ మన శాఖ కాదు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెతను మా అమ్మమ్మ నోట చాలాసార్లు విన్నాను. దాన్ని ఇంత శ్రద్ధగా, ప్రభుత్వ జీపులో తిరిగి ఆచరించిన మనిషిని మాత్రం నేనే పెళ్ళిచేసుకున్నాను.

*

రిపోర్టు మా చేతికి రాకముందే ఆసుపత్రి సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయన పేరు డాక్టర్ మృత్యుంజయరావు. మృత్యువును జయించారో లేదో తెలియదు గానీ, కాగితం మీద దాన్ని వాయిదా వెయ్యడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మమ్మల్నీ డాక్టరమ్మనీ కూర్చోబెట్టి రిపోర్టును వేలికొసలతో ఎత్తి పట్టుకున్నారు.

"డాక్టరుగారూ, తమరు సదరు జీవిని ఏ సమయమున దర్శించితిరి?"

"పగలు పదకొండింటికి సార్."

ఆయన మొహం వెలిగింది. "అదీ సంగతి! సదరు పురుగు నిశాచరి అని పాఠ్యగ్రంథ నిర్ధారణ. రాత్రి వేళ వేలి రక్తమందు కానవచ్చిన దానినే మన శాఖ పురుగుగా గుర్తించును. తమరు చూసినది పగలు, అందునా చంకలో. రెండు విధములుగానూ నిబంధనలకు విరుద్ధం. పగలు కనిపించిన పురుగు చెల్లదు."

"రాత్రిళ్ళు రక్తంలో తిరిగేది పగలంతా ఎక్కడో ఒకచోట ఉండాలి కదండీ" అన్నాను నేను. "డ్యూటీ లేనప్పుడు ఇంటిపట్టున ఉందేమో."

"అమ్మా, ఇది సాంకేతిక విషయం."

"గడ్డలో తల్లిపురుగు ఉంటే పగలూ రాత్రీ చూడదు సార్, పిల్లల్ని పెడుతూనే ఉంటుంది" అంది డాక్టరమ్మ. "పోనీ, మీకు అనుమానంగా ఉంటే రాత్రి రక్తం కూడా తీయించండి. సరిపోతుంది."

"రాత్రి రక్తం తీసే విభాగమా? నిర్మూలన సాధించిన శుభసందర్భమున దానిని నిర్మూలించితిమి."

మా ఆయన గర్వంగా తలాడించాడు. ఆ దస్త్రం మీద సంతకం ఆయనదేనట.

సూపరింటెండెంటు గారు ఒక మెట్టు దిగారు. "పురుగు అనే పదం అంత అవసరమా అని నా మనవి. తంతురూప పదార్థము అని రాయవచ్చును. నూలుపోగు అనిన ఇంకనూ సరళముగా నుండును. రోగి బనీను నుండి రాలినదేమో."

"నూలుపోగుకి తొడుగు ఉండదు సార్."

"ఖరీదైన బనీను అయి ఉండవచ్చును."

"సంతలో కొన్నదండి" అన్నాను. మా ఆయన నా కాలు తొక్కాడు.

డాక్టరమ్మ రిపోర్టు మార్చనంది. గట్టిగా కూడా అనలేదు. "నేను చూసింది రాశాను సార్. మీరు కూడా వచ్చి చూడండి, పలక అక్కడే ఉంది" అంది. ఆయన రాలేదు. చూస్తే ఉన్నట్టవుతుందని భయం కాబోలు.

*

విషయం రాజధానికి పోయింది. అక్కణ్ణుంచి ఆఘమేఘాల మీద వివరణ వచ్చింది. రహిత జిల్లాలో పురుగు కనిపించినచో అది స్థానిక పురుగు కాదనియు, పొరుగు ప్రాంతం నుండి ప్రయాణంలో ఉన్న పురుగుగా భావించవలెననియు, దాని స్వస్థలము విచారించి సదరు జిల్లాకు అప్పగించవలెననియు దాని సారాంశం.

మా ఆయనకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కిందటేడు వంతెన దాటి పొరుగు జిల్లాలో మా పెదమామయ్య కూతురి పెళ్ళికి వెళ్ళాం. ఆ రాత్రి పందిట్లో దోమలు కుట్టాయని ఆయనే వాంగ్మూలం ఇచ్చాడు. మా పెదమామయ్య ఈ మాట విని ఫోన్ చేశాడు. "ఏవమ్మా, పెళ్ళికొచ్చి పీకలదాకా తిని, నలభై మంది చూస్తుండగా గురకపెట్టి పడుకున్న మనిషి, ఇప్పుడు మా పందిట్లో పురుగు పట్టిందంటాడా? మా వియ్యాలవారు వింటే ఏమనుకుంటారు?"

వియ్యాలవారి సంగతేమో గానీ పొరుగు జిల్లావాళ్ళు మాత్రం ఊరుకోలేదు. తాము మా కన్నా ముందే రహితులమని, తమ స్వాగతద్వారం మా ద్వారం కన్నా ఎత్తుగా ఉంటుందని, సదరు పురుగు తమదైన పక్షంలో మా హద్దు దాటే ముందు తమకు తెలియపరచి ఉండేదని జవాబిచ్చారు. వీళ్ళు కాదు, వాళ్ళు కాదు. అధికారికంగా ఆ పురుగు గోదావరి వంతెన మధ్యలో నిలబడిపోయింది. నిజానికి అది మా ఇంట్లో, మా ఆయన చంకలో, నేను వండిన గుత్తివంకాయ కూర తింటూ సుఖంగా ఉంది.

ఆయన మాత్రం సుఖంగా లేడు. గడ్డ పెరిగింది. సాయంత్రానికి జ్వరం తగిలేది. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు నేను బజార్లో కొని తెచ్చి మంచం పక్కన పెడితే, బాంబు పెట్టినట్టు వెనక్కి జరిగాడు.

"నిర్మూలనాధికారి ఇంట్లో ఈ మాత్రలా! ఎవరైనా చూస్తే?"

"మింగేస్తే ఇంక ఎవరు చూస్తారండీ?"

"రిపోర్టు ఖాయం కాకుండా మందేమిటే? పురుగు ఉందని ఒప్పుకున్నట్టు కాదూ?"

కొబ్బరి పచ్చట్లో నూరి పెట్టేద్దామనుకున్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. తెలిసే మింగాలట, బరువు చూసి ఇవ్వాలట. రోగితో అబద్ధాలాడకూడదని ఆవిడ సిద్ధాంతం. ఆ ఆసుపత్రిలో ఆవిడకు ఎలా ఉద్యోగం వచ్చిందో!

*

మళ్ళీ సూపరింటెండెంటు గారి గదిలో పంచాయితీ. అక్కడ నావల్ల ఒక పొరపాటు జరిగింది. విసుగెత్తి అన్నాను, "అయ్యా, జిల్లాలో పురుగు ఉండకూడదు. పురుగేమో ఈయనలో ఉంది. అలాంటప్పుడు ఈయనే జిల్లాలో లేడని రాసేసుకోండి, గొడవొదిలిపోతుంది."

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, నా వైపు మొట్టమొదటిసారి గౌరవంగా చూశారు.

వెటకారం అనేది ప్రభుత్వ కార్యాలయాల్లో ఆడకూడదు. అమలైపోతుంది.

ఆ సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. శ్రీ త్రివిక్రమరావు గారు భౌతికముగా జిల్లాలో ఉన్నప్పటికినీ, సదరు జీవి వారియందు ఉన్నంతకాలము, పరిపాలనాపరముగా జిల్లా వెలుపల శిబిరములో ఉన్నట్లు భావించబడుదురు. మా ఆయన దాన్ని చదువుకుని మురిసిపోయాడు. "చూశావా, ఎంత నేర్పుగా సర్దారో! పురుగూ ఉంది, జిల్లా శుభ్రంగానూ ఉంది."

"అయితే శిబిరంలో ఉన్నవారికి నేను రాత్రికి వంట చెయ్యనా, మాననా?"

"వెటకారం చాలు. చారు పెట్టు."

చారు పెట్టాను. కానీ మందు? జిల్లాలో లేని మనిషికి జిల్లా ఆసుపత్రిలో వైద్యం కుదరదన్నారు. ఆయన బజారు మాత్ర మింగనంటాడు. ఇలా ఇరుక్కున్నప్పుడు సూపరింటెండెంటు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. అది మొదటివాటిలా నవ్వుకునేది కాదు. మా ఇద్దర్నీ డాక్టరమ్మనీ మళ్ళీ గదికి పిలిపించారు.

"గడ్డను, దాని చుట్టుపక్కల గ్రంథులను, సమస్తమును శస్త్రచికిత్స ద్వారా తొలగించుదము. క్యాన్సర్ అనుమానముతో తొలగించినట్లు వ్రాసెదము. ఆ శాఖకు అత్యవసర మినహాయింపు ఉన్నది, వెలుపలి రోగులను సైతము చేర్చుకొందురు. ఇక పురుగుకు చిరునామాయే ఉండదు. సభ మర్నాడే ముహూర్తం."

మా ఆయన "దివ్యంగా ఉంది" అన్నాడు.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆవిడ గొంతు పెరగడం నేను అప్పుడే విన్నాను. "సార్, చంకలో గ్రంథులన్నీ తీసేస్తే చేతిలో నీరు దిగే దారి ఉండదు. చెయ్యి వాస్తుంది. జీవితాంతం అలాగే ఉండిపోవచ్చు. మాత్రలతో పోయేదానికి ఎందుకు సార్ ఇదంతా?"

"అంటే బోదకాలు లేని జిల్లాలో బోదచెయ్యి అన్నమాట" అన్నాను. నవ్వు రాలేదు.

"ప్రకటనలో చెయ్యి ప్రస్తావన లేదు" అన్నారు సూపరింటెండెంటు గారు. "పైగా శస్త్రచికిత్సానంతర వాపు వేరే పద్దు."

డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి మా ఆయన ముందుకొచ్చి నిలబడింది. "సార్, ఒక్క మాట చెప్పండి. మీ ఆఫీసర్స్ కాలనీలో రాత్రి రక్తం ఎప్పుడు తీయించారు?"

"అది ఆఫీసర్స్ కాలనీ అండీ."

"అవును సార్. ఎప్పుడు తీశారు?"

"అందరూ చదువుకున్నవాళ్ళు..." అని ఆగి, ఆయన గోడ మీద క్యాలెండరు చూడడం మొదలుపెట్టాడు. మా కాలనీ వెనక మురుగుకాలవ ఉంది. దోమతెర లేకుండా అక్కడ నేను ఒక్క రాత్రి కూడా పడుకున్నదాన్ని కాను. ఆయనకు దోమతెరలో ఊపిరాడదు. ఎప్పుడూ బయటే పడుకునేవాడు.

ఇంటికెళ్ళాక ఆయన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని చూశాను. మామూలు చెయ్యే. పచ్చడి జాడీ మూతలు తీసిపెట్టే చెయ్యి. "ఈ చెయ్యి నాకు కావాలండీ" అన్నాను. "శాలువా వాళ్ళకిచ్చెయ్యండి, చెయ్యి నాకిచ్చెయ్యండి."

"ఆపరేషనుకి సంతకం పెట్టేశాను" అన్నాడు, అటు తిరిగి.

*

సభ ఘనంగా జరిగింది. షామియానా, బ్యాండు మేళం, రాజధాని నుంచి డైరెక్టరు గారు. వేదిక మీద ఒక కుర్చీకి "శ్రీ త్రివిక్రమరావు" అని అట్ట కట్టారు. ఆయన దాని వైపు నడవబోతే సూపరింటెండెంటు గారు మెట్ల దగ్గరే ఆపేశారు.

"క్షమించాలి. తమరు శిబిరంలో ఉన్నారు."

"కానీ ఇక్కడే ఉన్నాను కదండీ?"

"భౌతికముగా మాత్రమే."

వచ్చి నా పక్కన ఆఖరి వరసలో కూర్చున్నాడు. కొత్త లాల్చీ చంక దగ్గర బిగిసింది. వదులు పెట్టినా చాలలేదు.

వేదిక మీద ఖాళీ కుర్చీకి బంతిపూల దండ వేశారు. శాలువా కప్పారు. ఫొటోగ్రాఫర్లు ఎగబడ్డారు. దండ వేసిన ఖాళీ కుర్చీ చూడ్డానికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా.

"అందరినీ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించమంటారేమో" అన్నాను ఆయన చెవిలో.

మామూలుగా అయితే నన్ను గదమాయించేవాడు. ఇప్పుడు ఆ కుర్చీనే చూస్తున్నాడు.

డైరెక్టరు గారు మైకందుకున్నారు. "ఈ పవిత్ర క్షణమున సగర్వముగా ప్రకటించుచున్నాను! ఈ జిల్లాయందు ఇకపై ఏ ఒక్కరి కాలు గానీ, చెయ్యి గానీ వాయదు! అందరూ కరతాళధ్వనులతో హర్షామోదములు తెలుపవలసిందిగా..."

షామియానా దద్దరిల్లింది. మా ఆయన కూడా చప్పట్లు కొట్టబోయాడు. జీవితకాలపు అలవాటు. కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి సగం దాకా లేచి, అక్కణ్ణుంచి పైకి రాలేదు. నొప్పితో పెదవి కొరుక్కుని, ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని దాని వైపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. రేపు పొద్దున్న దానికి ఏం జరగబోతోందో అప్పుడే తెలిసినట్టు.

తర్వాత లేచి నిలబడ్డాడు.

"కాదండీ" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. వరసల మధ్యనుంచి ముందుకి నడిచాడు. "కాదండీ, ఆగండి."

సూపరింటెండెంటు గారు మైకు లాక్కున్నారు. "సభికులకు మనవి! ప్రస్తుతం మాట్లాడుచున్న వ్యక్తి ఈ జిల్లాలో లేరు! దయచేసి వారి మాటలు ఎవరూ వినవద్దు!"

అప్పటిదాకా ఎవరి గోలలో వాళ్ళున్న జనం ఆ మాటతో చప్పున నోళ్ళు మూసుకుని చెవులొగ్గారు. డైరెక్టరు గారు కూడా తల తిప్పి చూశారు. డాక్టరమ్మ ముందు వరసలోంచి లేచి మా ఆయనకు దారిచ్చింది. ఆయన మెట్లెక్కి, శాలువా కప్పిన తన కుర్చీ వెనక నిలబడ్డాడు. కూర్చోలేదు. మైకు అక్కర్లేకుండానే మాట్లాడాడు. ఆఖరి వరసలో ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది.

"పురుగు ఉందండీ. నా చంకలో ఉంది. ఆవిడ సూదిలో దొరికింది, నేను కాదన్నాను. కాలవగట్టు వాళ్ళని ఏళ్ళ తరబడి నిద్రల్లో లేపించి మరీ వేళ్ళు గుచ్చించాను. మా కాలనీలో మాత్రం ఒక్క వేలు గుచ్చించలేదు. గుచ్చకుండానే లేదని రాశాను. మనం ఆఫీసర్లమని దోమకి కూడా తెలుసనుకున్నాను. తప్పు నాదేనండీ."